రంగులరాట్నం పక్కన బ్యాండ్ ఆర్గన్: తిత్తి దగ్గర మొదలైన ఒక రికార్డింగు

అమెరికా ఈశాన్యంలోని ఒక ఊరి పార్కులో చెక్క గుర్రాల రంగులరాట్నం, దాని పక్కనే వుర్లిట్జర్ 153 బ్యాండ్ ఆర్గన్ (చిల్లులు కొట్టిన కాగితపు రోళ్లని చదువుతూ తనంతట తానే మోగే గొట్టాల వాద్యం) ఉన్నాయి. ఆ ఆర్గన్ మీద మూడు కాగితపు రోళ్లు వాయించి, రోలుకి పది పాటల చొప్పున 30 పాటలు రికార్డు చేసి ఇవ్వడం పని. పార్కు దగ్గర అప్పటికే ఒక రికార్డింగు ఉంది. అందులో మూడు లోపాలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. బేస్‌లో ఒక స్వరం దాదాపు మాయమైపోతోంది. గొట్టాలన్నీ కలిసి మోగినప్పుడల్లా శ్రుతి కిందికి జారుతోంది. ఒక రోలులో పాట పాటకీ నడక, అంటే పాట వేగం, పెరుగుతూ పోతోంది. పార్కువాళ్లు అడిగింది మాత్రం మెరుగైన మైకులు. తీరా చూస్తే ఈ మూడింటిలో మైకుకి సంబంధించింది ఒక్కటే. రెండోది గాలి లోపం, మూడోది కాగితం సంగతి. బ్యాండ్ ఆర్గన్ రికార్డింగుల్లో ఎక్కువ భాగం చెడేది ఇలాగే. తిత్తి చూడకుండా స్టాండు నిలబెడితే, ఎంత ఖరీదైన మైకైనా జబ్బుపడ్డ వాద్యాన్ని జబ్బుతో సహా పట్టిస్తుంది.

వాద్యం గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆర్గన్‌లో మోగేవి వరుసలు వరుసలుగా నిలబెట్టిన గొట్టాలు. చెక్క గొట్టాల్లో చాలావాటికి పిల్లనగ్రోవిలా గాలి అంచుకి తగిలి స్వరం పుడుతుంది. ట్రంపెట్ వరుసల్లో మాత్రం హార్మోనియంలోలా రీడ్ అదురుతుంది. పక్కల పెద్ద డ్రమ్ము, స్నేర్ డ్రమ్ము, సింబల్ ఉంటాయి. ఎలక్ట్రిక్ మోటారు బెల్టుతో ఒక క్రాంకు షాఫ్టుని తిప్పుతుంది. షాఫ్టు తిత్తులని ఆడిస్తుంది. ఒక జత తిత్తులు గొట్టాలకి గాలి తోస్తాయి, ఇంకో జత గాలిని పీలుస్తూ కాగితాన్ని చదవడానికి పనికొస్తుంది. కాగితంలో చిల్లు ట్రాకర్ బార్ (స్వరానికో రంధ్రం ఉన్న పట్టీ) మీదికి రాగానే సన్న గొట్టంలోకి గాలి చొరబడుతుంది. లోపల చిన్న తోలు పొర లేచి వాల్వు తెరుచుకుంటుంది, ఆ స్వరం మోగుతుంది. కాగితాన్ని లాగే చక్రాలూ అదే షాఫ్టు మీద ఆధారపడ్డవి. అందుకే బెల్టు జారితే గాలీ తగ్గుతుంది, నడకా తగ్గుతుంది. రెండూ ఒకేసారి కుంగుతుంటే ముందు బెల్టు చూడాలి. గాలి ఒక్కటే కుంగి నడక నిలకడగా ఉంటే తిత్తి తోలు చూడాలి.

ఈ వాద్యాల పుట్టిల్లు న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టోనవాండా. రంగులరాట్నాల తయారీ అక్కడ ఊపుమీదున్న రోజుల్లో, 1893లో యూజీన్ డి క్లైస్ట్ ఆర్గన్ల కర్మాగారం పెట్టాడు. 1909లో అది వుర్లిట్జర్ కంపెనీ చేతికి వచ్చింది. రోళ్లకి చిల్లులు కొట్టిన యంత్రాలు ఇప్పుడు ఆ ఊళ్లోనే హెర్షెల్ రంగులరాట్నాల కర్మాగారపు మ్యూజియంలో ఉన్నాయి. 153 నమూనాకి రెండు రోళ్లు పెట్టుకునే చట్రం ఉంటుంది. ఒకటి వాయిస్తుంటే ఇంకొకటి వెనక్కి చుట్టుకుంటుంది. రికార్డింగు చేసేవాళ్లకి ఇది పెద్ద సదుపాయం. రోలుని మధ్యలో ఆపి ఒక్క పాటకి వెనక్కి తేవడం కుదరదు. ఒక పాట చెడితే మొత్తం రోలు మళ్లీ వేయాల్సిందే.

గాలి

మొదటి కొలత నీళ్ల గొట్టంతో. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో పలకకి బిగించి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసని గొట్టాలకి గాలి అందించే పెట్టెకి కలిపితే చాలు. రెండు వైపుల నీటిమట్టాల తేడానే పీడనం. ఈ ఆర్గన్‌లో పాట లేనప్పుడు 8.2 అంగుళాలు చూపించింది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, బేస్ అన్నీ తెరుచుకున్న చోట 6.4కి పడిపోయింది. గొట్టానికి గాలి తగ్గితే స్వరం కిందికి జారుతుంది, మొత్తం వాద్యం నీరసంగా మూలిగినట్టు వినిపిస్తుంది. పాత రికార్డింగులో వినిపించిన లోపం ఇదే. నడక మాత్రం మారలేదు కాబట్టి బెల్టు మీద అనుమానం పోయింది.

గాలి ఎక్కడ కారుతోందో వెతకడానికి నిల్వ తిత్తి (తోసిన గాలిని పట్టి ఉంచే తిత్తి) చుట్టూ సబ్బునురగ రాయకూడదు. తోలు తడిసి ముడుచుకుంటుంది. సన్నటి దారప్పోగుని కర్రకి కట్టి అంచుల వెంబడి నెమ్మదిగా జరిపితే, గాలి కారే చోట పోగు ఎగురుతుంది. ఇక్కడ వెనక వైపు మడతలో, మూల దగ్గర తోలు రెండు అంగుళాల పొడవున పగిలి ఉంది. దాని మీద గతంలో ఎవరో సిలికాన్ పూశారు. సిలికాన్ తోలుని పట్టుకోదు, పైగా దాని మీద ఇంకే జిగురూ అంటదు. దాన్ని గీకి తీయడానికే సగం పూట పట్టింది. తర్వాత పలచటి గొర్రె తోలు పట్టీని, అంచులు చెక్కి పలచబరిచి, జంతుచర్మం ఉడికించి తీసిన వేడి జిగురుతో అంటించాం. ఈ జిగురునే వాడాలి. ముప్పై ఏళ్ల తర్వాత మరమ్మతు చేసేవాళ్లు వేడి నీళ్ల గుడ్డ పెడితే ఊడి వస్తుంది, చెక్క పాడవదు. జిగురు పాత్ర వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలి. దాటితే దాని పట్టు పోతుంది. రాత్రంతా ఆరాక తిరిగి కొలిస్తే పాట లేనప్పుడు 8.3, అన్నీ మోగినప్పుడు 7.8. ఆ అర అంగుళం తేడా ఈ వాద్యానికి సహజం. దాన్నీ పోగొట్టాలని నిల్వ తిత్తి స్ప్రింగులు బిగిస్తే రీడ్లు అరుస్తాయి.

కాగితం

హాల్లో తేమ 68 శాతం. కాగితం తేమకి వెడల్పులో ఉబ్బుతుంది. రోలు చుట్టు అంచులు చక్రాల రేకులకి రాసుకుని పైకి వంకర తిరుగుతాయి. కాగితం ఒక పక్కకి జరిగిందంటే చిల్లు పక్క రంధ్రం మీద సగం పడుతుంది, రెండు స్వరాలు కలిసి మోగుతాయి. ఇది గొట్టం శ్రుతి తప్పినట్టు వినిపించి చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. గుర్తు పట్టడం తేలిక. శ్రుతి తప్పిన గొట్టం ఎప్పుడూ ఒకేలా తప్పుతుంది. కాగితం జరిగితే అపశ్రుతి వచ్చి పోతూ ఉంటుంది, ఒకేసారి చాలా స్వరాలకి వస్తుంది. రోళ్లని పెట్టెల్లోంచి తీసి 24 గంటలు ఆ హాల్లోనే ఉంచి, తర్వాత చక్రం రేకుల మధ్య దూరం సరిచేశాం. ట్రాకర్ బార్ రంధ్రాల్లోని కాగితపు నూగుని చేతిపంపుతో పీల్చేశాం. ఒక్క నలుసు వాల్వు కింద చిక్కుకుంటే ఆ స్వరం పాట అయిపోయినా ఆగదు.

చిరుగులకి గతంలో వేసిన సెల్లో టేపు ఇంకో తలనొప్పి. దాని జిగురు కారి పై పొరకి అంటుకుంటుంది. చుట్టు విప్పుకునేటప్పుడు కాగితం ఒక్క క్షణం పట్టి వదులుతుంది. వినడానికి లయ తడబడ్డట్టు ఉంటుంది. రెండో రోలులో అలాంటివి ఏడు చోట్ల దొరికాయి. టేపు తీసి, పాత పత్రాల మరమ్మతుకి వాడే పలచటి కాగితం అతికించాం.

ఇక నడక సంగతి. లాగే చక్రం మీద కాగితం చుట్టుకుంటూ పోయేకొద్దీ దాని వ్యాసం పెరుగుతుంది, చక్రం తిరిగే వేగం మాత్రం అదే. కాబట్టి కాగితం పోనుపోను వేగంగా కదులుతుంది. ఇక్కడ చక్రం వ్యాసం 10 సెంటీమీటర్లు, కాగితం మందం 0.09 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 60 మీటర్లు. అంతా చుట్టుకున్నాక వ్యాసం 13 సెంటీమీటర్లు అవుతుంది. అంటే చివరి పాట దగ్గర కాగితం మొదటి పాట కన్నా 30 శాతం వేగంగా పోతోంది. చిల్లులు కొట్టినవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నది చెవితో తేల్చకూడదు, స్కేలుతో తేల్చాలి. మార్చ్ పాటలో ఒక పెద్ద డ్రమ్ము చిల్లు మొదలు నుంచి తర్వాతి డ్రమ్ము చిల్లు మొదలు దాకా కొలవాలి. పది దెబ్బల దూరం కొలిచి పదితో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది. మొదటి రోలు మొదటి పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య 16 మిల్లీమీటర్లు, పదో పాటలో 20. కొట్టినవాళ్లు లెక్క చూసుకుని చివరికి చిల్లులు దూరం చేశారన్నమాట. నడక నిలకడగానే వస్తుంది. మూడో రోలులో మొదటి మార్చ్‌లోనూ చివరి మార్చ్‌లోనూ 17.5. ఫిర్యాదు వచ్చింది ఈ రోలు మీదే.

సాఫ్ట్‌వేరుతో చివరి పాటల్ని సాగదీయవచ్చు కదా అని అడిగారు. వద్దన్నాం. 20 శాతం సాగదీస్తే స్నేర్ డ్రమ్ము దెబ్బ మొన విరుగుతుంది. వరసగా పడే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గరగరమంటాయి. ఆ రోలు ఈ చక్రాల మీద ఎలా నడుస్తుందో అలాగే రికార్డు చేసి, కొలతలు లేబుల్ మీద రాశాం.

శ్రుతి, వేడి

అంచుకి గాలి తగిలి మోగే గొట్టాల స్వరం గాలిలో ధ్వని వేగాన్ని బట్టి మారుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే సుమారు 3 సెంట్లు పైకి పోతుంది. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. రీడ్ గొట్టాలు అంతగా కదలవు. అందుకే పొద్దున 18 డిగ్రీల దగ్గర శ్రుతి చేసి మధ్యాహ్నం 28 దగ్గర రికార్డు చేస్తే, ట్రంపెట్లకీ మిగతా వాద్యానికీ మధ్య 30 సెంట్ల దాకా అగాధం ఏర్పడుతుంది. ఏ వేడిలో రికార్డు చేస్తామో ఆ వేడిలోనే శ్రుతి చేయాలి. మూసిన చెక్క గొట్టానికి బిరడా లోపలికి నెడితే స్వరం పైకి, బయటికి లాగితే కిందికి పోతుంది. రీడ్లయితే శ్రుతి తీగని సుతారంగా తట్టాలి. ఒక స్వరానికి రెండు మూడు గొట్టాలున్న చోట వాటి మధ్య మెల్లని అల ఉంటుంది. అది సున్నా అయ్యేదాకా సరిచేయడం తప్పు. ఆ అల పోతే ఆర్గన్ ఎలక్ట్రానిక్ కీబోర్డులా చప్పబడిపోతుంది.

రికార్డింగు రోజు ఉదయం 6కి హాలు 22.1 డిగ్రీలు, 10 గంటలకి 25.3. ఈ 3.2 డిగ్రీలు ఎడిటింగులో దెబ్బ తీశాయి. ఒక వాల్ట్జ్ మొదటి సగాన్ని పొద్దుటి టేకు నుంచి, రెండో సగాన్ని చివరి టేకు నుంచి తీసి కలిపితే, అతుకు దగ్గర పాట అమాంతం 9 సెంట్లు ఎగిరింది. డ్రమ్ము దెబ్బ కింద దాచినా దాగలేదు. అతుకు తీసేసి, ఒక డిగ్రీ లోపు తేడా ఉన్న టేకుల్నే కలిపాం. ప్రతి రోలు మొదట్లో వేడి, తేమ, పీడనం నోటితో చెప్పి రికార్డు చేసుకోవడం వల్లే ఏ టేకు దేనికి జత అవుతుందో తెలిసింది.

మైకులు

ఆర్గన్ పెట్టె లోపల మైకు పెట్టే అలవాటు కొందరికి ఉంది. అక్కడ వినిపించేది వాల్వుల టకటక, క్రాంకు చప్పుడు, మైకుకి దగ్గరున్న నాలుగు గొట్టాలు. ఈ వాద్యాన్ని తయారు చేసిందే బయట, గుర్రాల మధ్య, జనంలో వినడానికి. గొట్టాల వరసలు, డ్రమ్ములు గాలిలో కలిసిన చోటు నుంచే పట్టాలి. మూడు దూరాలు ప్రయత్నించాం. 1.5 మీటర్ల దగ్గర స్నేర్ ఒక చెవిలో, పెద్ద డ్రమ్ము ఇంకో చెవిలో, మధ్యలో పాట చిక్కిపోయింది. 4.5 దగ్గర హాలు రేకుల పైకప్పు ప్రతిధ్వని మింగేసింది. 3.4 మీటర్లు కుదిరింది. అన్ని వైపుల నుంచీ తీసుకునే కండెన్సర్ మైకులు రెండు, మధ్య ఎడం 60 సెంటీమీటర్లు. డ్రమ్ములు గట్టిగా ఉన్నాయని వాటిలో గుడ్డలు కుక్కమని సలహా వచ్చింది. అలా చేయకూడదు. స్టాండుని స్నేర్‌కి దూరంగా 25 సెంటీమీటర్లు జరిపితే సమతూకం వచ్చింది.

బేస్‌లో మాయమైన స్వరం ఇక్కడే దొరికింది. ఆర్గన్ ఒక దిమ్మె మీద ఉంది, బేస్ గొట్టాల నోళ్లు నేలకి 1.3 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మొదట మైకు ఎత్తు 2.3 మీటర్లు. గొట్టం నుంచి మైకుకి నేరుగా వచ్చే దారి 3.54 మీటర్లు, చెక్క నేలకి తగిలి వచ్చే దారి 4.95. తేడా 1.41 మీటర్లు. ఆ తేడా తరంగదైర్ఘ్యంలో సగం అయిన చోట రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అది 122 హెర్ట్జ్, అంటే ఇంచుమించు కింది బి స్వరం. పాత రికార్డింగులోనూ మైకు ఇంచుమించు ఆ ఎత్తునే ఉందని ఫొటోలో కనిపించింది. ఇంత కింది ధ్వనికి నేల మీద తివాచీ పరిచినా లాభం లేదు. మైకు ఎత్తు మార్చాలి. ఏ ఎత్తులో పెట్టినా ఏదో ఒక స్వరం దెబ్బతింటుంది. కాకపోతే ఈ ఆర్గన్ బేస్‌లో పన్నెండు స్వరాలూ లేవు. ఉన్నవేవో కాగితం మీద రాసుకుని, ధ్వని పడిపోయే ఆ గుంట లేని స్వరం మీద పడేలా ఎత్తు లెక్కగట్టాం. 3 మీటర్ల ఎత్తులో గుంట 102 హెర్ట్జ్‌కి దిగింది. జి షార్ప్‌కి దగ్గర. ఆ స్వరానికి ఇందులో బేస్ గొట్టమే లేదు. బి తిరిగొచ్చింది.

లెవెల్ గరిష్ఠ శిఖరం మైనస్ 10 డెసిబెళ్లు దాటకుండా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. పాట నడుస్తున్నప్పుడు మైకు దగ్గర 96 డెసిబెళ్లు, పాట లేకుండా తిత్తులు ఆడుతుంటే 52. ఆ తేడా వల్ల పాటలో తిత్తి చప్పుడు వినపడదు, పాటకీ పాటకీ మధ్యే వినిపిస్తుంది. దాన్ని నాయిస్ రిడక్షన్‌తో తుడిచేయలేదు. ప్రతి పాట ముందు రెండు సెకన్లు ఉంచాం. తిండి దుకాణంలో ఫ్రిజ్జుల కంప్రెసర్లు మాత్రం ఆపించాం. మోటారు వైరు, మైకు వైర్లు పక్కపక్కన పడుకోబెట్టడంతో 60 హెర్ట్జ్ కరెంటు హమ్ వచ్చింది. వాటిని విడదీసి, తప్పని చోట అడ్డంగా దాటించేసరికి పోయింది. మన దేశంలో అయితే ఈ హమ్ 50 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ఎక్కడైనా దాన్ని ఫిల్టరుతో కోయబోతే బేస్ గొట్టాలకీ గాయం తగులుతుంది.

గుర్రం మీద నుంచి

పార్కు అడగకపోయినా ఈ రెండో రికార్డింగు చేయించడానికి పట్టుబట్టాం. ఆర్గన్‌ని రంగులరాట్నం మీద కూర్చున్నవాళ్లు విన్నట్టు ముందు నిలబడ్డవాళ్లు వినరు. వేదిక వ్యాసం 50 అడుగులు, బయటి వరస గుర్రం మధ్య నుంచి 7 మీటర్లు, నిమిషానికి 5 చుట్లు. గుర్రం వేగం సెకనుకి 3.67 మీటర్లు. ఆర్గన్ బయట నిలకడగా ఉంది కాబట్టి, దాని వైపు దూసుకెళ్లేటప్పుడు పాట 18 సెంట్లు పైకి, దూరమయ్యేటప్పుడు 18 సెంట్లు కిందికి జరుగుతుంది. 12 సెకన్లకి ఒకసారి ఈ ఊపు. అమెరికా రంగులరాట్నాలు పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. అందుకని ఆర్గన్ ముందు ఎదురుగా వినిపించి, కుడి చెవికి వచ్చి, వెనక్కి జరిగి, ఎడమ చెవి మీదుగా మళ్లీ ముందుకి వస్తుంది. గుర్రం కదలకుండా నిలబడి, వాద్యమే తన చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు ఉంటుంది. ఆర్గన్ మధ్యలో ఉండే రంగులరాట్నాల్లో ఇది రాదు. దూరం మారదు కాబట్టి శ్రుతి కదలదు.

రికార్డర్‌ని గుర్రం ఇత్తడి గుంజకి కడితే, గుర్రాలని పైకీ కిందికీ ఆడించే పై క్రాంకుల అదురు నేరుగా ఎక్కేసింది. మనిషే కూర్చుని, రెండు చెవుల దగ్గర చిన్న మైకులు తగిలించుకుని, తల తిప్పకుండా ముందుకే చూడాలి. ఆ వేగంలో గాలి ఊపు మైకుకి తగులుతుంది. నురుగు తొడుగు చాలలేదు, బొచ్చు తొడుగు వేస్తే సరిపోయింది.

హక్కులు

పాట పాటకీ విడిగా చూశాం. అమెరికాలో 2026 జనవరి 1 నాటికి 1930 దాకా ప్రచురితమైన పాటలకి కాపీరైట్ తీరిపోయింది. రోలు పాతదైనంత మాత్రాన పాట స్వేచ్ఛ అయిపోదు. రోలు అనేది స్వరలిపికి నకలు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1908లో తీర్పు చెప్పింది. మరుసటి ఏడాదే చట్టం మారి, ఇలాంటి యంత్రాల మీద వాయించే పాటలకి రుసుము కట్టాలని వచ్చింది. 30 పాటల్లో 26 స్వేచ్ఛగా ఉన్నాయి. మూడింటికి లైసెన్సు తీసుకున్నాం. మిగిలిన ఒక్కదానికి హక్కుదారు ఎవరో తేలలేదు. దాన్ని బయటికి ఇవ్వకుండా పార్కు భద్రపరిచే ఫైళ్లలోనే ఉంచాం.

అప్పగించినవి ఇవి: ఎడిట్ చేయని మొత్తం టేకులు, 29 పాటల తుది ఫైళ్లు, గుర్రం మీది రికార్డింగు నాలుగు పాటలు, రోళ్ల స్కాన్లు. ప్రతి ఫైలుకీ రోలు సంఖ్య, పాట వరస, వేడి, తేమ, పీడనం, దెబ్బకీ దెబ్బకీ మధ్య మిల్లీమీటర్లు రాసి ఉన్నాయి. రెండు డిస్కులు పార్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉంచాం. తోలు పట్టీ ఎక్కడ వేశామో చూపించే ఫొటో, జిగురు ఏదో రాసిన చీటీ తిత్తి తలుపు లోపలి వైపు అంటించాం.